ఇన్‌ఫ్లుయెంజా టీకా: సిఫారసుకూ సూదికీ మధ్య దూరం

తెనాలిలో రైలు మార్గం రెండుగా చీలుతుంది. ఒకటి పొన్నూరు వైపుగా బాపట్లకు పోతుంది. రెండవది వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరి అక్కడే ఆగిపోతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఈ మూడు పట్టణాలకు చుట్టుపట్ల పల్లెల నుంచి జబ్బు చేసినవారు ప్రతి ఉదయం వస్తూనే ఉంటారు. వానలు పడి నాట్లు మొదలైన తరువాత డాక్టరు గారి గది ముందు బల్లల మీద చోటు దొరకడం కష్టం. దగ్గు, ఒళ్ళు నొప్పులు, నూటరెండు డిగ్రీల జ్వరం. పడిశెం పట్టిందని కొందరు, వైరల్ జ్వరమని మరికొందరు అంటారు. వీరిలో కొందరికి వచ్చినది ఇన్‌ఫ్లుయెంజా. పడుచువాడు వారం తిరిగేసరికి లేచి పొలానికి పోతాడు. అదే బల్ల మీద, అతని పక్కనే కూర్చున్న డెబ్బయి ఏండ్ల ఉబ్బసం మనిషి సంగతి వేరు. ఆయన మామూలు మందుబిళ్ళల కోసం వచ్చి, పక్కవాని దగ్గునుంచి ప్రాణాంతకమైన వ్యాధిని ఇంటికి తీసుకొని పోవచ్చు.

ఆయనకు ముందుగానే టీకా వేసి ఉండవచ్చునా? వేయవచ్చు. మరి ఎవరు వేయాలి, ఎక్కడ వేయాలి, ఎవరి ఖర్చుతో వేయాలి? ఇక్కడికి వచ్చేసరికి జవాబు చెప్పవలసిన వారందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. శాస్త్రం చేయవలసిన పని చాలవరకు చేసింది. ఏర్పాటు మాత్రం జరగలేదు. ఆ లోపం ఎక్కడ ఉన్నదో పరిశీలించడమే ఈ విమర్శ ఉద్దేశం.

వ్యాధిని తక్కువగా చూడరాదు

ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను 1933లో లండన్ శాస్త్రజ్ఞులు స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా మనుషుల నుంచి మొదటిసారిగా వేరు చేశారు. అంతకు 15 ఏండ్ల ముందే ఆ వ్యాధి తన ప్రతాపాన్ని చూపింది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో కనిపించి, ఆ ఏడాది చివరకు దేశమంతటినీ చుట్టబెట్టింది. మన దేశంలో మృతుల సంఖ్య కోటీ ఇరవై లక్షలకు, రెండు కోట్లకు మధ్య ఉంటుందని వేర్వేరు అంచనాలు చెబుతున్నవి. 1911 జనాభా లెక్కలకంటె 1921 లెక్కలలో దేశ జనాభా తగ్గింది. జనాభా లెక్కల చరిత్రలో అటువంటి దశాబ్దం మరొకటి లేదు.

1957 మే నెలలో ఆసియా ఫ్లూ మద్రాసు రేవు దారిన దేశంలో ప్రవేశించింది. కూనూరులోని పాశ్చర్ సంస్థలో నెలకొన్న ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం దానిని పరీక్షించింది. మరుసటి ఏడాది ఆరంభం నాటికి సుమారు 44 లక్షల మందికి వ్యాధి సోకినట్లు నమోదయింది. 2009 మేలో కొత్త హెచ్1ఎన్1 వైరస్ దేశంలో మొదటిసారిగా బయటపడినది హైదరాబాదులోనే. 2015లో అదే వైరస్ వల్ల దేశం మొత్తం మీద 42,592 కేసులు, 2,990 మరణాలు లెక్కకు వచ్చినవి. పరీక్ష చేయించుకున్నవారి లెక్క మాత్రమే ఇది. పల్లెలో న్యుమోనియా అనో, గుండె ఆగిందనో, వయసు మీరిందనో చెప్పుకొని దహనం చేసిన వారు ఈ లెక్కలో లేరు.

ఈ వ్యాధి చంపే తీరు గమనించదగినది. వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బ తీస్తుంది. ఆ దెబ్బతిన్న చోట న్యుమోకాకస్ వంటి బాక్టీరియాలు చేరి న్యుమోనియా కలిగిస్తవి. జ్వరం వల్ల, వాపు వల్ల గుండెమీద భారం పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారిలో రక్తంలోని చక్కెర అదుపు తప్పుతుంది. కనుక ఫ్లూ ఒక్కటే చంపదు. అది పాత జబ్బును లేపి దానిచేత చంపిస్తుంది. మరణ పత్రంలో పాత జబ్బు పేరే ఉంటుంది. ఫ్లూను ప్రజలూ, కొన్ని వేళల వైద్యులూ తేలికగా తీసుకోవడానికి ఇది ముఖ్య కారణం.

టీకా శక్తి ఎంత?

టీకాను సమర్థించేవారు దాని గుణాలను మాత్రమే చెప్పడం న్యాయం కాదు. ఫ్లూ వైరస్ తన పైపొరను ఏటేటా కొద్దికొద్దిగా మార్చుకుంటుంది. 1947లోనే ఈ మార్పు కారణంగా అప్పటి టీకా అక్కరకు రాకుండా పోయింది. అందువల్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి వివిధ దేశాల ప్రయోగశాలలను కలిపి వైరస్‌ల మీద నిఘా నడుపుతున్నది. ఇప్పుడు ఏటా రెండు పర్యాయాలు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలోను, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులోను, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతున్నది. తయారీకి ఆరు నెలలు పడుతుంది. ఆ లోగా వైరస్ మారితే టీకా పట్టు సడలుతుంది. పొందిక బాగా కుదిరిన సంవత్సరాలలో కూడా టీకా వ్యాధి ముప్పును 40 నుంచి 60 శాతం వరకు మాత్రమే తగ్గిస్తుంది. ముసలితనంలో శరీరం టీకాకు చురుకుగా స్పందించదు. రక్షణ ఏర్పడడానికి రెండు వారాలు పడుతుంది, ఏడాది తిరిగేసరికి అది క్షీణిస్తుంది.

ఇన్ని లోపాలున్న టీకా ఎందుకు? సగం రక్షణ అయినా ప్రమాదం ఎక్కువగా ఉన్నచోట చాలా విలువైనది కనుక. 2021లో వెలువడిన ఒక పరిశోధన ఇందుకు మంచి నిదర్శనం. ఎనిమిది దేశాలలో గుండెజబ్బుతో ఆస్పత్రికి వచ్చిన 2,500 మందికి పైగా రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఫ్లూ టీకా, రెండవ భాగానికి ఉత్త ఉప్పునీటి సూది ఇచ్చారు. వీరిలో అత్యధికులు గుండెపోటు వచ్చినవారే. ఏడాదిలో గుండె సంబంధమైన మరణాలు ఉప్పునీరు పొందినవారిలో నూటికి 4.5 కాగా, టీకా పొందినవారిలో 2.7 మాత్రమే. గర్భిణుల విషయంలో లాభం రెండింతలు. ఆరు నెలలలోపు శిశువుకు ఈ టీకా వేయరాదు. తల్లికి వేస్తే ఆమె రక్తంలోని రక్షక పదార్థాలు బిడ్డకు చేరి మొదటి నెలలలో కాపాడుతవి.

"వాంఛనీయం" అనే మాట

ఈ విజ్ఞానం మన ప్రభుత్వానికి తెలియనిది కాదు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇన్‌ఫ్లుయెంజా టీకాపై మార్గదర్శకాలు వెలువరించింది. రోగులకు సమీపంగా పనిచేసే వైద్య సిబ్బంది, గర్భిణులు, ఉబ్బసం, గుండె, మూత్రపిండ, కాలేయ వ్యాధులు, మధుమేహం, క్యాన్సర్ వంటివి ఉన్నవారు, 65 ఏండ్లు దాటినవారు, ఆరు నెలలు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల పిల్లలు అందులో పేర్కొనబడ్డారు. పట్టిక శాస్త్రసమ్మతమైనదే. అయితే కొందరికి టీకా సిఫారసు చేసి, మరికొందరికి అది "వాంఛనీయం" అని ఊరుకున్నారు.

ఈ మాటను కాస్త నిలిపి చూడాలి. వాంఛనీయమంటే ఎవరు వాంఛించాలి? రేపల్లె పక్క పల్లెలోని వృద్ధురాలు ఆ పత్రాన్ని చదవదు. చదివి వాంఛించినా, అడగడానికి చోటు లేదు. 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమంలో శిశువులకు, పిల్లలకు, గర్భిణులకు ఎన్నో టీకాలు ఉచితంగా లభిస్తున్నవి. అది దేశం గర్వించదగిన కార్యక్రమం. అందులో ఫ్లూ టీకా లేదు. ముసలివారికి ఏ టీకా లేదు. పట్టికలో లేని మందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరకు నిత్య సరఫరా మార్గం ఉండదు. అనగా మార్గదర్శకాలు గమ్యం చెప్పినవి, మార్గం చెప్పలేదు. ఎవరు కొనాలి, ఏ నెలలో పంపాలి, ఎవరి జాబితా ప్రకారం వేయాలి అనే మూడు ప్రశ్నలకు సమాధానం లేని సిఫారసు, ఎంత శాస్త్రీయమైనా, సదభిప్రాయం మాత్రమే అవుతుంది.

డాక్టరు గారి ఫ్రిజ్

ప్రభుత్వ మార్గం లేనప్పుడు మిగిలినది ప్రైవేటు డాక్టరు గది. అక్కడి కష్టనష్టాలు లెక్క కట్టి చూడాలి. ఈ టీకాను 2 డిగ్రీలకు, 8 డిగ్రీలకు మధ్య ఉంచాలి. గడ్డ కట్టితే పనికిరాదు. వేసవిలో కరెంటు పోతే వెనువెంటనే ఏర్పాటు ఉండాలి. కూరగాయలు, మంచినీళ్ళ సీసాలు పెట్టుకొని నిమిషానికొకసారి తలుపు తీసే ఫ్రిజ్ ఇందుకు తగదు.

చిన్న పట్టణంలోని ఒక డాక్టరు గారు 20 మోతాదులు తెప్పించారనుకుందాం. ఒక్కొక్కటి వెయ్యి రూపాయలకు పైబడిన వెల. 14 ఖర్చయి ఆరు మిగిలినవి. మిగిలినవాటిని వచ్చే ఏటికి దాచడానికి వీలు లేదు. రకాలు మారుతవి, గడువు తీరుతుంది. ఆ ఆరింటి నష్టం పధ్నాలుగింటి మీద వచ్చిన కొద్ది లాభాన్ని మింగివేస్తుంది. మరుసటి ఏడు ఆయన తెప్పించరు. అడిగినవారికి "గుంటూరులోనో విజయవాడలోనో వేయించుకోండి" అని చీటీ రాసి ఇస్తారు. ఆయాసంతో నాలుగడుగులు వేయలేని రోగికి అది సలహా అనిపించుకోదు. మందుల షాపువారు ముందుగా డబ్బు కడితే తెప్పిస్తామంటారు. వచ్చిన మందును రోగి చేతికి ఇస్తే, అది మంచుగడ్డల సంచిలో కాక మామూలు కవరులో బస్సెక్కి డాక్టరు దగ్గరకు చేరుతుంది. అప్పటికి దాని శక్తి ఎంత మిగిలినదో చెప్పగలవారు లేరు.

ఇక రోగి వైపు నుంచి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. ముసలి దంపతులిద్దరికీ టీకా వేయించాలంటే అందులో సగానికి సగం పోతుంది. ఇది ప్రతి ఏటా వచ్చే ఖర్చు. అదే మనిషి న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరితే, 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన వైద్య సహాయ పద్ధతి వంటివి ఆదుకోవడానికి ఉన్నవి. అవి పేదలకు చేసిన మేలు పెద్దది. కాని గట్టు తెగిన తరువాత మట్టి మోయడానికి నిధులుండి, తెగకముందు నాలుగు తట్టల మట్టి వేయడానికి లేకపోవడం కాలువల కింద సేద్యం చేసే ప్రాంతంలో ఎవరికైనా వింతగా తోచక మానదు.

ఏ నెలలో వేయాలి?

మరొక చిక్కు కాలానిది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ 16వ ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నవి. భూగోళం ప్రకారం ఇది ఉత్తరార్ధమే. కాని లండన్‌లో మాదిరి ఇక్కడ ఫ్లూ ప్రధానంగా మంచు నెలల జబ్బు కాదు. దేశంలో చాలా నగరాలలో అది జూలై, సెప్టెంబరు మాసాల మధ్య వానలతో పాటు విజృంభిస్తుందని, దక్షిణాన ఈశాన్య ఋతుపవనాల వర్షం పడేచోట్ల అక్టోబరు, నవంబరులలో పెరుగుతుందని, శ్రీనగర్‌లో మాత్రం శీతకాలంలో వస్తుందని పరిశోధనలు తేల్చినవి. కోస్తా ఆంధ్రకు రెండు ఋతుపవనాల వర్షమూ ఉన్నది.

ఉత్తరార్ధగోళానికి తయారైన టీకా బజారుకు వచ్చేది సెప్టెంబరు, అక్టోబరులలో. అప్పటికి నైఋతి ఋతుపవనం కాలమంతా గడిచిపోతుంది. దక్షిణార్ధగోళపు టీకా వేసవిలో దొరుకుతుంది. వానల ముందు రక్షణ కావాలంటే అదే అనుకూలం. ఈ భేదం చాలమందికి తెలియదు. పెట్టె మీద ముద్రించిన సంవత్సరం, గోళం చూడకుండా ఉన్నదేదో వేయడం, వేయించుకోవడం జరుగుతుంటుంది.

డెల్టా జీవితం కూడా ఈ నిర్ణయానికి తోడ్పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టివేస్తారు. పొలం పనులు తక్కువ. ముసలివారిని ఆస్పత్రికి తీసుకొని పోవడానికి ఇంట్లో మనుషులు దొరుకుతారు. కాలువలకు నీరు వదిలి, నారుమళ్ళు తడిసిన తరువాత ఎవరికీ తీరదు. కనుక నీరు వదలకముందే టీకా పని ముగియాలి. క్యాలెండరు చూసి నిర్ణయించేవారు కాలువ కూడా చూడాలి.

పేర్లు ఎవరి దగ్గర ఉన్నవి?

బ్రిటన్‌లో ప్రతి మనిషీ ఒక డాక్టరు వద్ద నమోదై ఉంటాడు. 2000 నుంచి 65 ఏండ్లు దాటినవారందరికీ ఫ్లూ టీకా అక్కడ ఉచితం. శరదృతువు రాగానే డాక్టరు కార్యాలయం తన పుస్తకం తీసి, ముసలివారిని, దీర్ఘరోగులను పేరు పేరున పిలుస్తుంది. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. 2018లో వృద్ధుల కోసం ఉద్దేశించిన టీకా మూడు విడతలుగా, సెప్టెంబరు మొదలు నవంబరు వరకు, సరఫరా కావడంతో చాలమంది వేచి ఉండవలసి వచ్చింది. కాని ఎవరికి అందలేదో అక్కడ తెలుసు. ఇక్కడ ఎవరికి అందలేదో తెలుసుకొనే సాధనమే కరవు. తెనాలి రోగి ఈ నెల ఒక డాక్టరును, వచ్చే నెల మరొకరిని చూస్తాడు. అతని జబ్బు చరిత్ర అతని ప్లాస్టిక్ సంచిలోని చీటీలలో ఉంటుంది.

ఇది మన దేశంలో సాధ్యం కాదనేవారికి సమాధానం ఇటీవలి చరిత్రలోనే ఉన్నది. కోవిడ్ టీకా 2021 జనవరి 16న మొదలయింది. మార్చి 1 నుంచి 60 ఏండ్లు దాటినవారికి, 45 ఏండ్లు దాటి 20 రకాల దీర్ఘవ్యాధులలో ఏదైనా ఉన్నట్లు డాక్టరు ధ్రువీకరించినవారికి వేశారు. వయసును, వ్యాధిని బట్టి పెద్దవారిని ఏరి పిలవడం దేశం అప్పుడు నేర్చుకున్నది. 2024లో ఎంపిక చేసిన జిల్లాలలో క్షయ నివారణకు పెద్దలకు బి.సి.జి. వేసినప్పుడు కూడా వృద్ధులను, మధుమేహ రోగులను ఇదేవిధంగా గుర్తించారు. బి.పి., చక్కెర వ్యాధుల కోసం ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేసే ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఫ్యామిలీ డాక్టరు పద్ధతి డాక్టరే పల్లెకు పోవాలనే ఉద్దేశంతో ఏర్పడినది. అంటే పేర్లున్నవి, వాటిని రాసిన చేతులున్నవి, చల్లని పెట్టెలున్నవి. వీటన్నిటినీ ఒకచోట చేర్చే ఆదేశం లేదు.

ప్రజల పాలు

తప్పంతా ప్రభుత్వానిదే అనడం కూడా సరి కాదు. జ్వరం వస్తే సూది వేయని డాక్టరు డాక్టరే కాడనుకొనే ఊళ్ళు ఇవి. నీరసమని సెలైన్ ఎక్కించుకోవడానికి వెనుకాడనివారు, వైరస్ మీద ఏమాత్రం పనిచేయని యాంటిబయాటిక్‌లను అడిగి మరీ వేయించుకొనేవారు, టీకా అనేసరికి "లేని జబ్బు తెచ్చుకోవడం ఎందుకు" అంటారు. సూదితో వేసే ఫ్లూ టీకాలో ప్రాణమున్న వైరస్ ఉండదు కనుక దానివల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడడం మామూలు. చాలావరకు టీకాను కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తోనే తయారు చేస్తారు. అయినా గుడ్డు పడనివారికి కూడా అది సాధారణంగా హాని చేయదని ఇప్పటి వైద్యాభిప్రాయం. వెనుక ఎప్పుడైనా ఈ టీకాకే తీవ్రమైన ప్రతిక్రియ కలిగినవారు మాత్రం వేయించుకోరాదు.

వైద్యులూ తమను తాము ప్రశ్నించుకోవాలి. రోగిని రోజూ తాకే డాక్టరు, నర్సు, కాంపౌండరు ఎందరు ఏటా టీకా వేయించుకుంటున్నారు? తాను వేయించుకోని మందును ఎదుటివారికి చెప్పే గొంతులో బలం ఉండదు.

ఖర్చు మాట

ఒక ఆక్షేపణ గట్టిది. క్షయ, రక్తహీనత, పురుడులో మరణాలు ఉన్న దేశంలో సగం రక్షణ ఇచ్చే టీకాకు ఏటా కోట్లు ఖర్చు చేయడం తగునా? పెద్దలందరికీ అంటే ప్రస్తుతం తగదనే చెప్పాలి. కాని ఇక్కడ కోరుతున్నది అందరికీ కాదు. గుండెపోటు వచ్చి తేరుకున్నవారు, మూత్రపిండాల వ్యాధికి డయాలిసిస్ చేయించుకొనేవారు, ఆయాసంతో పదేపదే ఆస్పత్రిలో చేరేవారు, గర్భిణులు, వారిని చూసే సిబ్బంది, ఈ కొద్దిమందితో ఆరంభించవచ్చు. వీరందరూ ఏదో ఒక ఆస్పత్రి పుస్తకంలో ఇప్పటికే ఉన్నవారు. ప్రభుత్వం పెద్ద మొత్తంలో కొంటే వెల తగ్గుతుంది. పిల్లల టీకాల విషయంలో ఇది రుజువైన సంగతే. పైగా టీకాలో ఇదివరకున్న నాలుగు రకాల్లో బి/యమగాటా అనేది 2020 మార్చి తరువాత లోకంలో ఎక్కడా ధ్రువపడలేదు. దానిని తొలగించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అవసరం లేని నాలుగవ రకానికి ఎక్కువ వెల పెట్టవలసిన పని లేదు.

మొదట ఒకటి రెండు జిల్లాలలో వేసి, ఆస్పత్రిలో చేరేవారి సంఖ్య తగ్గినదా లేదా అని మూడేండ్లు లెక్క చూడాలి. తగ్గితే విస్తరించాలి, తగ్గకపోతే మానాలి. శాస్త్రీయమైన పాలన అంటే అదే. ఇందుకు ఒక పెద్ద పట్టణం, ఒక జిల్లా కేంద్రం, రైలు మార్గం చివరనున్న ఒక ఊరు కలిగిన ఈ డెల్టా ప్రాంతం తగినదే. తెనాలిలో అందినది రేపల్లె దాటి కృష్ణ ఒడ్డు పల్లెల దాకా పోతే రాష్ట్రంలో చాలచోట్లకు పోగలదు.

ఏటా జూన్‌లో డెల్టా రైతు ఆకాశం వైపు చూస్తాడు. వాన ఎప్పుడు వస్తుందో రైతుకు నిశ్చయంగా తెలియకపోయినా నారు ముందే పోసుకుంటాడు. జ్వరం కూడా వానతోనే వస్తుంది. డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చున్న ముసలాయనకు ఆ నెలలోగా ఒక సూది అందాలి. అది అందేవరకు "వాంఛనీయం" అనే మాటకు ఆయన జీవితంలో అర్థం లేదు.